దారిలో ఉన్నారు

పోయిన వారం మనం వదిలిపెట్టేసరికి క్రేను డ్రైవరు తల ఊపాడు. రెండు దేశాల పోలీసులు బతిమాలినా బెదిరించినా పెదవి కదపని మనిషి, కోర్టులో నిలబడి, రేవంతా ‘పెదనాన్న’ అని పిలిచే ముఠా నాయకుణ్ణి వేలెత్తి చూపిస్తానని మాటిచ్చాడు. బదులుగా ఒక్కటే అడిగాడు. సరిహద్దుకు అవతల తన ఊళ్ళో ఉండిపోయిన భార్యనూ కూతురినీ తన దగ్గరికి చేర్చాలి. చేరుస్తామని ఇటు అధికారి అన్నాడు, అటు అధికారి సరేనని తల ఊపాడు. మాటిచ్చింది వాళ్ళే గాని, ఆ మాట అతని చెవిన పడింది మాత్రం దుబాసీ గొంతులోంచి. “మీ ఆడవాళ్ళ పూచీ నాది” అని అతని భాషలో పలికింది ఆమె. అతను తలెత్తి నమ్మకంగా చూసింది కూడా ఆమె ముఖంలోకే.

దుబాసీ పని అలాంటిది. ఎవరి మాట చెబితే ఆ కాసేపు వాళ్ళై మాట్లాడాలి. ‘ఆయన ఇలా అంటున్నారు’ అనకూడదు, ‘నేను’ అనాలి. ఇన్నేళ్ళలో ఆమె దొంగ అయింది, పోలీసు అయింది, ఒకసారి కొడుకు శవాన్ని గుర్తుపట్టడానికి వచ్చిన తండ్రి కూడా అయింది. ఇంటికెళ్ళి చెప్పులు విడిచాక మళ్ళీ తను తనై, కూరలో ఉప్పు వేసిందో లేదో గుర్తులేక అమ్మ చేత చీవాట్లు తినేది. అమ్మది క్రేను డ్రైవరు దేశమే, ఆ సముద్రపు ఒడ్డే. పెళ్ళయి ఇటు వచ్చి తల నెరిసినా ఆ యాస వదల్లేదు. కూతురికి పాలతోపాటు అదీ పట్టింది. ఆ యాస విన్న మొదటిరోజే క్రేను డ్రైవరు దుబాసీని “చెల్లెమ్మా” అన్నాడు. ఆమెకూ “అన్నయ్యా” అనడం తప్పలేదు. తర్వాత తర్వాత ఆ పిలుపు అలవాటుగా మారింది, ఇంకొన్నాళ్ళకు నిజమే అయింది.

ఆ ఉదయం ఆమె మెట్లెక్కి పైకి వచ్చేసరికి అతను అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటున్నాడు. సాక్షిని దాచిన ఆ ఫ్లాటు, రేవు ఉద్యోగుల క్వార్టర్స్‌లో పై అంతస్తున ఉంది. కిటికీలకు ఎప్పుడూ మందపాటి తెరలు. హాల్లో కుంగిపోయిన సోఫా ఒకటి, శబ్దం రాని టీవీ ఒకటి, తలుపు దగ్గర కుర్చీ వేసుకుని ఆవులిస్తూ ఒక కాపలా పోలీసు. పక్కగదిలో మాత్రం రెండు మంచాలు దగ్గరికి జరిపి, దుప్పట్లు ముడత లేకుండా పరిచి ఉన్నాయి.

“చెల్లెమ్మా, కాస్త నువ్వు చూసి చెప్పు,” సబ్బు నురగ మూతితో అడిగాడతను. “మా ఆవిడకి కిటికీ పక్కనైతేగాని నిద్ర పట్టదు. పిల్ల సంగతి సరే, ఎక్కడ పడేస్తే అక్కడ గుర్రు పెడుతుంది. మంచాలు ఇలా ఉంచితే బాగుందా?”

“కిటికీ తెరవనివ్వరుగా అన్నయ్యా?”

“తెరవక్కర్లేదులే. పక్కన ఉందని తెలిస్తే చాలు ఆవిడకి.”

నవ్వితే అతని బుగ్గన సొట్ట పడుతుందని దుబాసీకి అప్పుడే తెలిసింది.

రేవులో అందరికంటే ఎత్తున, క్రేను గదిలో కూర్చుని ఓడల్లోంచి పెట్టెలు దింపే పని అతనిది. అప్పుడప్పుడు కబురొచ్చేది. ఫలానా పెట్టెను వరసలో పెట్టొద్దు, యార్డు చివర గోడవార దింపు అని. దింపేవాడు. లోపల ఏముందని అడగలేదు, అడగలేదు గనకనే బతికాడు. కాటా దగ్గర పనిచేసే అతని తమ్ముడు మాత్రం ఒక పెట్టె ఉండాల్సిన దానికంటే బరువెందుకుందని నోరు జారాడు. మర్నాడు ఓడ పక్కన నీళ్ళలో తేలాడు. ఆ పెట్టెల్లోని తెల్లపొడి సరిహద్దు దాటి వచ్చి, ఇక్కడి వీధుల్లో ఎవరెవరి పిల్లలనో తినేస్తోందని అందరికీ తెలుసు. దాని వెనక ఉన్నది పెదనాన్న అనీ తెలుసు. కాని ఆయన ఎన్నడూ ఎవరికీ ఏమీ చెప్పగా విన్నవాడు లేడు, ఒక్క ఇతను తప్ప. తమ్ముణ్ణి మట్టిలో పెట్టి వచ్చిన వారానికి పెదనాన్న తనంతట తానే ఆయాసపడుతూ క్రేను నిచ్చెన ఎక్కి వచ్చి, భుజం మీద చెయ్యేసి, “నీ తమ్ముడికి తొందరెక్కువ నాయనా, అందుకే తీసేయాల్సి వచ్చింది. నీకు ఆ తొందర లేదని విన్నాను” అన్నాడు. 

వైద్యం కోసం వచ్చి ఈ దేశంలో పట్టుబడ్డ పెదనాన్నను, ఆ మాట విన్న చెవులు కోర్టుకొచ్చి చెప్పకపోతే ఇక లోపల ఉంచే వీల్లేదు. ఈ మధ్యాహ్నమే విచారణ. ఈ ఉదయమే తల్లీకూతుళ్ళు రావాలి.

కాలింగ్ బెల్ మోగింది. క్రేను డ్రైవరు తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ గబగబా హాల్లోకి వచ్చాడు.

వచ్చింది ‘చుట్టం’. పొరుగుదేశం నుంచి ఈ కేసు కోసమని వచ్చిన అధికారిని సంగతి తెలిసిన కొద్దిమందీ చాటుగా అలాగే పిలుస్తారు. వచ్చి ఎన్నాళ్ళయినా గదిలో బీరువా వాడడు, సూట్‌కేసులోంచే బట్టలు తీసి కట్టుకుంటాడు, రేపో మాపో వెళ్ళిపోయేవాడిలా. ఆయన వెనక ఈ దేశపు దర్యాప్తు అధికారి. ఆయన్ని ఎవరూ వేరే పేరుతో పిలవరు, సార్ అంటే ఆయనే.

చుట్టం క్రేను డ్రైవరును పలకరించలేదు. అసలు అటు చూడకుండా నేరుగా వంటగదిలోకి నడిచాడు. సార్ దుబాసీకి కళ్ళతోనే సైగ చేశాడు. ముగ్గురూ లోపలికెళ్ళాక ఆయనే తలుపు మూసి, మాటలు బయటికి వినబడకుండా సింకులో కుళాయి తిప్పాడు.

“ఊఁ, చెప్పమనండి.”

చుట్టం ఎవరి వైపూ చూడలేదు. సింకులో పడుతున్న నీళ్ళకు చెబుతున్నట్టు తన భాషలో చెప్పడం మొదలుపెట్టాడు. దుబాసీ తిప్పి చెప్పసాగింది. ఎప్పటిలాగే నాలుక ముందు నడిచింది, మనసు కాస్త వెనకగా వచ్చింది.

“బండి అనుకున్నట్టే బయల్దేరింది. అనుకున్న దారిలోనే వచ్చింది. సరిహద్దు ఇంకాస్త దూరం ఉందనగా చెట్ల మధ్య ఎవరో అడ్డంగా బండి పెట్టి ఆపారు. నడిపేవాడు సీట్లోనే పోయాడు. ఆవిడ తలుపు తీసుకుని దిగినట్టుంది. దిగినచోటే...”

అక్కడ ఆమె నాలుక ఆగింది. మనసు వచ్చి అందుకుంది.

“పిల్ల?” అన్నాడు సార్.

ఆ ఒక్క మాటకు తర్జుమా అక్కర్లేకపోయింది చుట్టానికి. అడ్డంగా తల ఊపి, తన భాషలో రెండు ముక్కలు గొణిగాడు.

“పిల్ల కనబడలేదు,” అంది దుబాసీ. “వెతికిస్తున్నాను. కాలి చెప్పు ఒకటి దొరికింది.”

సార్ అరచేత్తో పొయ్యి గట్టు మీద కొట్టాడు. మూత పడేసినట్టు చప్పుడైంది. 

“మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను. వాళ్ళ దేశంలో అమ్ముడుపోనిది ఏదైనా ఉందా? పోలీసులు అమ్మకానికే, దారులు అమ్మకానికే. మనం మన మనుషులతో తెప్పించుకుని ఉండాల్సింది. చెప్పండమ్మా. ఇలాగే చెప్పండి. మధ్యలో మీరు మెత్తబరచకండి.”

ఆమె మెత్తబరచకుండానే చెప్పింది. చుట్టం మొదటిసారి తలెత్తాడు. కోపంగా అరుస్తాడేమో అనుకుంది ఆమె. అరవలేదు.

“ఆ దారి ఎక్కడా రాయలేదు,” అన్నాడు. “మీ ఆఫీసులో, ఒకే బల్ల చుట్టూ కూర్చుని నోటితో అనుకున్నాం. మావాళ్ళు ఎంతమంది ఉన్నారో మీవాళ్ళూ అంతమందే ఉన్నారక్కడ.” మళ్ళీ నీళ్ళ వైపు తిరిగి అన్నాడు. “ఆ బండి నడిపింది మా తమ్ముడి కొడుకు. ఎవరినీ నమ్మలేక వాణ్ణి పంపాను.”

“ఆ బండి నడిపింది మా తమ్ముడి కొడుకు,” అంది దుబాసీ. అంటుంటే ఒక్క క్షణం ఆ కుర్రాడు ఎవరో తనకే తెలిసినట్టు, తనే చేజేతులా బండెక్కించి పంపినట్టు అనిపించింది. 

సార్ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. కుళాయి నీళ్ళు పారుతూనే ఉన్నాయి. తర్వాత నెమ్మదిగా, దాదాపు ఓదార్పుగా అన్నాడు:

“సరే. ఏడవడానికి ఇంకా బోలెడు రోజులున్నాయి. ఈ మధ్యాహ్నం దాకా మాత్రం ఆయనకు తెలియడానికి వీల్లేదు.” చూపు దుబాసీ మీదికి తిప్పాడు. “అర్థమైంది కదమ్మా? అడిగితే దారిలో ఉన్నారని చెబుతాను. మీరు అదే చెప్పండి.”

“సార్, అది...”

“అబద్ధం నాది. మీరు తిప్పి చెప్పడమే. రోజూ చేసే పనే కదా?”

“ఆయనకు మాటిచ్చింది నా నోరు సార్.”

“ఆ నోటితోనే తమ్ముణ్ణి చంపినవాణ్ణి లోపల వేయించండి. లేకపోతే ఏమవుతుందో తెలుసా? రేపు ఆ ముసలాడు చేతికర్ర ఊపుకుంటూ విమానం ఎక్కుతాడు. ఎల్లుండినుంచి మళ్ళీ పెట్టెలు దిగుతాయి. పోయినావిడ ఎలాగూ పోయింది. ఆవిడ చావుకైనా ఒక అర్థం ఉండొద్దూ?”

ఆమె చుట్టం వైపు చూసింది. ఈ మాటలు తిప్పి చెప్పమని ఆయన అడగలేదు. ఏమని ఉంటుందో ఆయనకు తెలుసు. ముఖం కడుక్కోవడానికి సింకు మీదికి వంగి, చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

*

హాల్లో క్రేను డ్రైవరు కొత్త చొక్కా తొడుక్కుని సోఫా అంచున కూర్చున్నాడు. మడతలు ఇంకా విడిపోని చొక్కా. వాళ్ళు బయటికి రాగానే లేచాడు.

“వచ్చేశారా? కింద ఉన్నారా?”

దుబాసీ ఆ ప్రశ్నను సార్‌కు చేరవేసింది. సార్ చిరునవ్వు నవ్వాడు. ఆ నవ్వు ఎంత సహజంగా ఉందంటే, వంటగదిలో జరిగిందంతా తను పొరపాటున విందేమో అనుకుంది ఆమె.

“సరిహద్దు దాటారు. అటువైపు వర్షం, రోడ్డు బాగాలేదు. కాస్త ఆలస్యమవుతుంది. దారిలో ఉన్నారు. మీరు కోర్టు నుంచి వచ్చేసరికి ఇక్కడుంటారు.”

ముగ్గురి చూపులూ ఆమె మీద పడ్డాయి. ఆమె నోరు తెరిచింది. ‘నేను కనుక్కున్నాను, దారిలో ఉన్నారు’ అనాలి. అనడానికి ఎంత, ఊపిరి పీల్చి వదిలినంత. అంతకంటే పెద్ద అబద్ధాలే అనేకం అంది ఆ నోరు, ఎవరెవరివో. కాని ఈసారి ‘నేను’ అన్న మాట గొంతులోకి రాలేదు.

“ఆయన అంటున్నారు,” అంది, “దారిలో ఉన్నారని. వర్షమట. మీరు కోర్టు నుంచి వచ్చేసరికి ఉంటారని అంటున్నారు.”

సార్‌కు ఆ భాష రాదు, తేడా తెలియలేదు. చుట్టానికి తెలిసింది. ఠక్కున ఆమె వైపు చూసి, మళ్ళీ గోడ వైపు తిరిగాడు.

క్రేను డ్రైవరు కదలలేదు. చొక్కా గుండీ పెట్టుకుంటున్న వేళ్ళు మాత్రం ఆగాయి.

“ఆయన అంటున్నారా?” అన్నాడు.

“అవునన్నయ్యా.”

“నువ్వు?”

ఆమె అతని చొక్కా మడతల వైపు చూసింది. 

“ఏమంటున్నాడు?” అన్నాడు సార్.

“ఏమీ లేదు సార్. మళ్ళీ అడుగుతున్నారు, నిజమేనా అని.”

“నిజమేనని చెప్పండి.”

“నిజమేనంటున్నారు,” అంది దుబాసీ.

క్రేను డ్రైవరు గుండీ పెట్టుకోవడం పూర్తి చేశాడు. సోఫా మీది తువ్వాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, పక్కగదిలోకి వెళ్ళి మంచం మీద పెట్టి వచ్చాడు. కాపలా పోలీసు వ్యాను తాళాలు తీశాడు. అందరూ మెట్లు దిగారు. పోలీసులు గోల చేయకుండా దిగుతున్నారేమిటా అని కింది అంతస్తులో ఒకావిడ తలుపు తీసి చూసింది కూడా.

*

కోర్టు దగ్గర అందరూ ఫోన్లు కిటికీ దగ్గర అప్పగించాలి. సార్ ఆ పని మీద వెళుతూ, కాపలా పోలీసును వరండా చివరికి పొమ్మన్నాడు. “మనిషికి కాస్త గాలి ఆడనివ్వు” అన్నాడు. చుట్టం ముందే లోపలికెళ్ళాడు. వరండాలో బల్ల మీద దుబాసీ, సాక్షి ఇద్దరే మిగిలారు. ఎదురుగా నల్ల రంగు వేసిన పెద్ద తలుపు. 

“చెల్లెమ్మా,” అన్నాడతను, ఆ తలుపు మీంచి చూపు తిప్పకుండా. “ఇద్దరూనా?”

ఆ ప్రశ్నకు సిద్ధంగా లేదామె. ‘ఏమైంది’ అని అడుగుతాడనుకుంది. ‘బతికే ఉన్నారా’ అంటాడనుకుంది. వాటికి తప్పించుకునే జవాబులేవో వ్యానులో కూడగట్టుకుంది. అతను అవన్నీ దాటేసి చివరి ప్రశ్న దగ్గరికి వచ్చేశాడు.

చెప్పకూడదని తెలుసు. చెబితే ఏం జరుగుతుందో కూడా తెలుసు. కాని ఈ మనిషి లోపలికెళ్ళి, ఇంకా రాని భార్య కోసం, ఇంకెప్పటికీ రాని మనిషి కోసం, తన ప్రాణం పణంగా పెడతాడు. ఆ మాటలు మళ్ళీ తన నోటితోనే చెప్పాలి. సాయంత్రం అతనికి తెలుస్తుంది. అప్పుడు అతను ఎవరి ముఖంలోకి చూస్తాడు?

“వదిన లేదన్నయ్యా,” అంది. “పాప కనబడలేదు.”

అతను కళ్ళు మూసుకున్నాడు. ఏడుపు రాలేదు. పెదవులు మాత్రం ఏదో లెక్క వేసుకుంటున్నట్టు కదిలాయి.

“కనబడలేదంటే?”

“తెలియదు. అంతే తెలుసు. వెతుకుతున్నారు.”

“అంటే వాళ్ళ దగ్గరుంది.”

“అలా అనుకోవద్దన్నయ్యా...”

“వాళ్ళ దగ్గర ఉండాలనే కోరుకోవాలి నేను,” అన్నాడతను. “లేకపోతే ఇంకేముందనుకోవాలి?”

అప్పుడు అర్థమైంది దుబాసీకి తనేం చేసిందో. ఇద్దరూ పోయారని చెప్పినా అతను లోపలికెళ్ళి పెదనాన్న గొంతు పట్టుకునేవాడు. ఇద్దరూ వస్తున్నారని నమ్మించినా చెప్పేవాడు. తను చెప్పిన నిజం ఆ రెండింటికీ మధ్యలో ఉంది. పోగొట్టుకోవడానికి ఇంకా ఒకటి మిగిలిందని చెప్పింది తను.

నల్ల తలుపు తెరుచుకుంది.

*

విచారణ మూసిన గదిలో జరిగింది. జనం లేరు. జడ్జి, ఇద్దరు వకీళ్ళు, వెనక బల్ల మీద సార్, ఆ పక్కన చుట్టం. కటకటాల అవతల పెదనాన్న. ఆయన్ని చూడటం దుబాసీకి అదే మొదటిసారి. బూచిలాంటి మనిషిని ఊహించుకుంది. పలచటి జుట్టు శుభ్రంగా దువ్వుకుని, స్వెట్టరు వేసుకుని, రిటైరైన లెక్కల మేష్టారులా ఉన్నాడాయన. సాక్షి లోపలికి రాగానే మర్యాదగా లేచి నిలబడ్డాడు. వకీలు భుజం తడితే మళ్ళీ కూర్చున్నాడు.

ప్రభుత్వ వకీలు మామూలు ప్రశ్నలతో మొదలుపెట్టాడు. ఏ రేవు, ఏ పని, ఎన్నేళ్ళుగా. క్రేను డ్రైవరు చెప్పాడు. దుబాసీ చెప్పింది. “నేను క్రేను నడుపుతాను. మా నాన్న కూడా అదే రేవులో కూలీ.” ఆమె గొంతు నిలకడగానే ఉంది. ఒక్క నిమిషం ఆశ కూడా పుట్టింది, చెబుతాడేమోనని. అంత స్పష్టంగా, అంత తిన్నగా నిలబడి ఉన్నాడతను.

“కటకటాల వెనక ఉన్న వ్యక్తిని చూడండి,” అన్నాడు వకీలు. “ఈయన మీకు తెలుసా? మీ క్రేను గదికి వచ్చి, మీ తమ్ముడి గురించి మీతో ఏమైనా అన్నారా?”

దుబాసీ తిప్పి చెప్పింది.

క్రేను డ్రైవరు చూశాడు. చాలాసేపు చూశాడు. పెదనాన్న కూడా అతన్ని చూశాడు. ఆ చూపులో బెదిరింపు లేదు. జవాబు తెలిసిన ప్రశ్న అడిగి, పిల్లవాడు ఎప్పుడు చెబుతాడా అని ఓపిగ్గా కూర్చున్నట్టుంది. 

సాక్షి పెదవులు కదిలాయి. దుబాసీ విన్నది.

“ఏమన్నారు?” అన్నాడు జడ్జి.

ఆమె సాక్షి వైపు తిరిగింది.

“అమ్మా, సాక్షి ఏమన్నారో చెప్పండి.”

“నాకు ఈయన తెలియదు,” అంది దుబాసీ. “ఈయన్ని నేనెప్పుడూ చూడలేదు.”

తర్వాత వకీలు ఎన్ని విధాల తిప్పి అడిగినా అదే మాట. ముందు ఇచ్చిన వాంగ్మూలం సంగతేమిటంటే, భయపడి చెప్పానన్నాడు. ఎవరికి భయపడి అంటే, పోలీసులకి అన్నాడు. అవన్నీ ఒకటొకటిగా ఆమె నోటితోనే వచ్చాయి. “నా తమ్ముడు ప్రమాదంలో పోయాడు” అన్న మాట కూడా ఆమె నోటితోనే వచ్చింది. వెనక బల్ల మీద చుట్టం మోచేతులు మోకాళ్ళకు ఆనించి, తల వంచుకుని కూర్చున్నాడు. జడ్జి కళ్ళజోడు పైకి తోసుకుని, విడుదల ఉత్తర్వు మీద రేపు సంతకం చేస్తానన్నాడు. 

వెళ్ళిపోతూ పెదనాన్న కటకటాల దగ్గర ఒక్క క్షణం ఆగాడు. దుబాసీ వైపు చూసి తల పంకించాడు. 

“చక్కటి ఉచ్చారణమ్మా నీది,” అన్నాడు తమ భాషలో. “మన ఒడ్డు యాస. ఎవరి బిడ్డవు?”

ఆమె వెనుదిరిగి తలుపు వైపు నడిచింది.

*

సాక్షిని వ్యానెక్కించి తీసుకుపోయారు. ఎక్కేముందు అతను వెనక్కి తిరిగి ఆమెను చూడలేదు. చుట్టం కోర్టు మెట్ల మీద కూర్చుని సిగరెట్టు వెలిగించబోయి, మళ్ళీ పెట్టెలో పెట్టేశాడు.

“మీరు చెప్పారు కదూ?” అన్నాడు ఆమెను చూసి.

“చెప్పాను.”

“నేనైనా చెప్పేవాణ్ణేమో. తెలియదు.” లేచి ప్యాంటు దులుపుకున్నాడు. “రెండు దేశాలు, ఇంతమంది అధికారులం, ఇన్ని ఒప్పందాలు. అందరం కలిసి ఒక ఆడమనిషిని ఆ దారి దాటించలేకపోయాం. వెళ్ళి మా తమ్ముడికి ముఖం చూపించాలి నేను.” 

అలా అని, సెలవు కూడా తీసుకోకుండా టాక్సీ పిలుచుకుని వెళ్ళిపోయాడు.

ఫోన్ల కిటికీ దగ్గర సార్ ఎదురుపడ్డాడు. ఆయన అరుస్తాడని, ఉద్యోగం ఊడుతుందని ఆమెకు తెలుసు. తిట్టించుకోవడానికి సిద్ధపడే వచ్చింది. ఆయన అరవలేదు.

“పోనీలెండి,” అన్నాడు. “మన చేతిలో ఏముంది. ఇంటికెళ్ళి పడుకోండి.”

ఆ మంచితనానికి ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల వంచుకుని, పొద్దున సాక్షి ఫ్లాటుకు బయల్దేరేముందు నిబంధన ప్రకారం ఆపేసిన తన ఫోను అందుకుంది. ఆన్ చేయగానే మోగింది. ఆఫీసులో ఫోన్ల దగ్గర కూర్చునే ఆవిడ.

“హమ్మయ్య, దొరికారా? పొద్దుటినుంచీ సరిహద్దు చౌకీవాళ్ళు నా ప్రాణం తోడేస్తున్నారు తల్లీ. చెట్లలోంచి ఎవరో అమ్మాయి నడిచొచ్చిందట. ఏదో చెబుతుందట, ఏడుస్తుందట, ఒక్క ముక్క ఎవరికీ అర్థం కావట్లేదట. దుబాసీ కావాలంటారు. ఆ భాష వచ్చినావిడ ఒక్కరే, కోర్టులో ఉంది, ఆగండని చెబుతూ వచ్చాను. ఉండండి, కలుపుతున్నా.”

దుబాసీ గోడకు చేరగిలబడింది. పొద్దుటినుంచీ. గడ్డం గీసుకుంటూ అతను మంచాల గురించి అడిగినప్పటినుంచీ. ఆ బండి వస్తున్న సంగతి ఆఫీసులో ఫోన్ల దగ్గరి మనిషికి చెప్పలేదు, చౌకీకి చెప్పలేదు. ఇక్కడే మరో మనిషికి ఆ భాష వచ్చని, చుట్టం ఉన్నాడని కూడా చెప్పలేదు. రహస్యమన్నారు. కాపాడాల్సినచోట తప్ప అన్నిచోట్లా కాపాడారు.

లైను గరగరలాడింది. తర్వాత సన్నటి గొంతు, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు.

“హలో? నా మాట అర్థమవుతోందా మీకు?”

“అవుతోందమ్మా. చెప్పు.”

అవతల ఊపిరి ఆగినట్టయింది. “మన యాస... నువ్వు అత్తవా? ‘ఇక్కడ నాకొక చెల్లెలు దొరికింది, నీకు అత్త అవుతుంది’ అని నాన్న ఫోన్లో చెప్పారు. నువ్వేనా?”

“నేనే తల్లీ.” ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “దెబ్బలు తగిలాయా?”

“కాలికి. నాన్న సాక్ష్యం చెప్పేశారా?”

జవాబు కోసం ఆగకుండా పిల్ల చెప్పుకుపోయింది. అమ్మ తలుపు తీసి తనను తోసేసిందనీ, పరిగెత్తు అని అరిచిందనీ, తను తుప్పల్లో పడి కదలకుండా ఉండిపోయిందనీ. టార్చి లైట్లు వేసుకుని వాళ్ళు తన పక్కనుంచే రెండుసార్లు పోయారనీ. 

“వాళ్ళు మనవాళ్ళు కాదత్తా. మన భాష కాదు. ఇక్కడ చౌకీలో వీళ్ళు మాట్లాడుతున్నారే, ఇదే. ఒకడు మిగతావాళ్ళను కసురుకుంటూ ఒకే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు. నాకు అర్థం తెలియదు. మర్చిపోతానేమోనని దారంతా అదే అనుకుంటూ నడిచాను. చెప్పనా?”

“నీ పక్కన ఎవరున్నారు?”

“ఒకావిడ. అవతల గదిలోకి వెళ్ళింది, అన్నం తెస్తానన్నట్టు సైగ చేసి.”

“చెప్పు. మెల్లగా.”

ఆ పిల్ల ఈ దేశపు భాషలో, అర్థం తెలియని మాటలను ముక్కలు ముక్కలుగా, గులకరాళ్ళు ఏరి చేతిలో పెడుతున్నట్టు పలికింది.

“పిల్-లని... ప్రా-ణం-తో... ఉం-చమ-న్నారు... సార్.”

వరండాలో ఎవరో నవ్వుకుంటూ వెళ్ళారు. కాపలా పోలీసును దూరంగా పొమ్మని, సాక్షినీ తననూ బల్ల మీద ఒంటరిగా వదిలి వెళ్ళిన మనిషి వెన్ను ఆమె కళ్ళముందు మెదిలింది. ఆ కాస్త సేపులోనే తను నిజం చెప్పింది. తను చెప్పకుండా ఉండలేకపోతుందని ముందే తెలిసినవాడు ఆయనొక్కడే.

కాదేమో. ఈ దేశంలో సార్ అనిపించుకునేవాళ్ళు ఎందరు లేరు?

“అత్తా, ఉన్నావా? దానికి అర్థమేంటి?”

ఆమె భుజం మీద చెయ్యి పడింది. ఉలిక్కిపడి తిరిగింది. సార్ ఇంకా వెళ్ళలేదు. కళ్ళజోడు వెనక కళ్ళు మెరుస్తున్నాయి.

“మన పిల్లేనా? దొరికిందా? ఏమంటోంది?” అన్నాడాయన, మరో చెయ్యి ఫోను కోసం చాపుతూ. “ఏ చౌకీలో ఉందో చెప్పండమ్మా. నేను బండి పంపిస్తాను.”